మంచు బండి టర్బో, మా బావ జీపు

ఏప్రిల్ నెల. కరీంనగర్‌లో ఎండ 44 డిగ్రీలు. హాస్టల్ కూలర్‌లో నీళ్లు అయిపోయి వట్టి వేడి గాలి కొడుతోంది. రేపు ఆపరేటింగ్ సిస్టమ్స్ ఇంటర్నల్. అలాంటి టైమ్‌లో యూట్యూబ్ నాకేం చూపించాలి? మోకాలి లోతు మంచులో ఒకాయన స్నోమొబైల్‌కి టర్బో కిట్ బిగించే వీడియో చూపించింది.

స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి. ముందు రెండు స్కీలు, వెనక డోజర్‌కి ఉన్నట్టు ఒక ట్రాక్, కాకపోతే రబ్బరుది. నేను జన్మలో మంచు చూడలేదు. మా ఇంట్లో ఫ్రిజ్‌లో గడ్డ కట్టేదే నాకు తెలిసిన మంచు. అయినా ఆ రాత్రి ఒకటి తర్వాత ఒకటి ఎనిమిది వీడియోలు చూశాను. ఇంటర్నల్‌లో ఎన్ని మార్కులు వచ్చాయో ఇక్కడ చెప్పను.

ఆ పిచ్చి అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. పది రోజుల తర్వాత మా బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, నువ్వు ఇంజినీరింగే గదా చదువుతున్నవ్. పాత జీపులకు టర్బో పెడ్తరట గదా, ఏది మంచిదో జర చూసి చెప్పు."

బావది ఆదిలాబాద్ జిల్లాలో ఇచ్చోడ దగ్గర ఒక ఊరు. కిరాణం షాపు ఉంది. వారానికి రెండుసార్లు నిర్మల్ వెళ్లి బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు పాత డీజిల్ జీపులో వేసుకొస్తాడు. మధ్యలో మహబూబ్ ఘాట్ ఎక్కాలి. "ఇంతకుముందు థర్డ్‌ల ఎక్కేది. ఇప్పుడు సెకండ్‌ల గూడ గుంజుతలేదు. ఎనుక లారీలోళ్లు హారన్ కొట్టి సంపుతున్నరు" అన్నాడు. చిట్టీ ఎత్తిన డబ్బులు చేతిలో ఉన్నాయట. టర్బో పెట్టిస్తే బాధ పోతుందని ఎవరో చెప్పారట.

నేను చదివేది కంప్యూటర్ సైన్స్. ఇంజిన్ లోపల ఏముంటుందో వీడియోల్లో చూడటమే. కానీ మన ఇళ్లల్లో బ్రాంచి అనే కాన్సెప్ట్ ఉండదు కదా. ఫ్యాన్ తిరగకపోయినా, మోటర్ పాడైనా, టీవీ రాకపోయినా "మావోడు ఇంజినీరింగ్" అని మనల్నే పిలుస్తారు. నాకూ తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఎనిమిది వీడియోలు చూసిన ధైర్యంతో "చూస్తా బావా" అనేశాను.

టర్బో చేసే పని

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నాలుగు పనులు చేస్తుంది. గాలి పీలుస్తుంది, నొక్కుతుంది, మండిస్తుంది, పొగ వదులుతుంది. ఈ నాలుగూ పూర్తవడానికి ఇంజిన్ రెండు చుట్లు తిరగాలి. ఎంత గాలి పీలిస్తే అంత ఇంధనాన్ని సరిగ్గా మండించగలదు. గాలి తక్కువై ఇంధనం ఎక్కువైతే నల్ల పొగ వస్తుందే గానీ బలం రాదు. మన భాషలో చెప్పాలంటే ఇంజిన్‌కి గాలే బాటిల్‌నెక్.

మనం పోసే డీజిల్‌లోని శక్తిలో దాదాపు మూడో వంతు వేడి రూపంలో సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఆ వేడి పొగ దారిలో ఒక చిన్న చక్రం పెడితే అది తిరుగుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి, నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. టర్బో అంటే ఇంతే. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతుంది, దాన్ని కాపాడేది ఇంజిన్ ఆయిల్ పొరే. ఈ ఆయిల్ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

ఈ ఆలోచనకి 1905లో స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బ్యూషీ పేటెంట్ తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఆయన ఒక విమానం ఇంజిన్‌ని లారీ మీద పెట్టుకుని పైక్స్ పీక్ అనే కొండ మీదకి తీసుకెళ్లి టర్బోతో పరీక్షించాడు. ఆ కొండ ఎత్తు దాదాపు 4,300 మీటర్లు. అంత కష్టపడి కొండెందుకు ఎక్కాడంటే, పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. కింద బాగా నడిచే ఇంజిన్ అక్కడ ఆయాసపడుతుంది. ఆ తగ్గిన గాలిని టర్బో తిరిగి ఇవ్వగలదా అన్నదే ఆయన చూసింది.

స్నోమొబైల్ వాళ్లకీ సరిగ్గా అదే సమస్య. ఒకప్పుడు ఆ బండ్లన్నీ దాదాపు టూ స్ట్రోకే. తేలిక, బలం ఎక్కువ, కానీ పొగ, శబ్దం కూడా ఎక్కువ. ఆ పొగ, శబ్దం తగ్గించమని ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌కి 2000 నుంచి క్లీన్ స్నోమొబైల్ చాలెంజ్ అనే పోటీ కూడా పెడుతున్నారు. యమహా తన ఆర్1 బైక్ ఇంజిన్ ఆధారంగా 998 సీసీ ఫోర్ స్ట్రోక్‌తో 2003 మోడల్‌గా ఆర్‌ఎక్స్-1 అనే స్నోమొబైల్ తెచ్చింది. శుభ్రమైన ఇంజినే, కానీ బరువు ఎక్కువ. దాన్ని తీసుకుని 3,000 మీటర్ల ఎత్తున్న మంచు కొండల్లోకి పోతే గాలి పీడనం దాదాపు 30 శాతం పడిపోతుంది. బరువు బండి, పైగా సగం ఊపిరి. అందుకే అక్కడ టర్బో కిట్లకి అంత గిరాకీ.

నా మొదటి సెలెక్షన్

నేను చేసిన పని చెప్తాను, నవ్వకండి. ఆన్‌లైన్‌లో దొరికిన టర్బోలన్నీ ఒక షీట్‌లో పెట్టాను. ధర, సైజు, ఎన్ని హార్స్ పవర్ వరకు పనికొస్తుంది, రేటింగ్. పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి "రూపాయికి ఎన్ని హార్స్ పవర్" అని సార్ట్ కొట్టాను. మొదట వచ్చిన కిట్ లింక్ బావకి వాట్సాప్ చేశాను. ధర మా ఒక సెమిస్టర్ ఫీజుకి దగ్గర్లో ఉంది. బావ వెంటనే బొటనవేలు పెట్టాడు. "నువ్వు చెప్పినవంటే ఫైనల్" అన్నాడు.

ఆ "ఫైనల్" అన్న మాటకి నాకు భయం వేసింది. ఆ రాత్రి కూర్చుని మళ్లీ మొదటి నుంచి లెక్క చేశాను. ఈసారి హార్స్ పవర్ నుంచి కాకుండా గాలి నుంచి మొదలుపెట్టాను.

లెక్క చాలా సింపుల్. ఇంజిన్ సైజు లీటర్లలో, దాన్ని ఆర్‌పీఎంతో గుణించాలి, రెండుతో భాగించాలి (రెండు చుట్లకి ఒకసారే గాలి పీలుస్తుంది కాబట్టి). సిలిండర్ పూర్తిగా ఎప్పుడూ నిండదు, అందుకని 85 శాతమో 90 శాతమో తీసుకోవాలి.

స్నోమొబైల్: 0.998 × 10,000 ÷ 2 = 4,990 లీటర్లు. అందులో 90 శాతం అంటే నిమిషానికి సుమారు 4,490 లీటర్ల గాలి.

బావ జీపు, 2,523 సీసీ, 3,000 ఆర్‌పీఎం అనుకుంటే: 2.523 × 3,000 ÷ 2 = 3,785 లీటర్లు. అందులో 85 శాతం అంటే సుమారు 3,200.

చూశారా, ఒక లీటర్ ఇంజిన్ రెండున్నర లీటర్ల ఇంజిన్ కంటే ఎక్కువ గాలి తాగుతోంది! ఇంజిన్ సైజు చూసి టర్బో సైజు ఊహిస్తే బోల్తా పడటం ఖాయం. ఏ ఆర్‌పీఎంలో తిరుగుతుందో తెలియాలి.

ఇక్కడ ఇంకో తేడా ఉంది. స్నోమొబైల్‌లో గేర్లు మార్చే పని లేదు. యాక్టివాలో ఉన్నట్టు బెల్టు, పుల్లీలు ఉంటాయి. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ తన బెస్ట్ ఆర్‌పీఎంకి పోయి అక్కడే నిలబడుతుంది. అందుకని దానికి పెద్ద టర్బో పెట్టినా పర్లేదు, అది ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. జీపు అలా కాదు. ఎక్కుడులో లోడుతో పోతుంటే ఆర్‌పీఎం పడిపోతుంది. అప్పుడు పొగ తక్కువ, పెద్ద టర్బో చక్రాన్ని తిప్పడానికి ఆ పొగ చాలదు. బలం కావాల్సిన చోటే టర్బో నిద్రపోతుంది.

నేను పంపిన కిట్ ఎక్కువ హార్స్ పవర్ ఇచ్చేదే కాబట్టి సహజంగానే పెద్దది. బావకి మెసేజ్ పెట్టాను: "బావా, ఆర్డర్ పెట్టకు. నేను వస్తున్న."

45 డిగ్రీల గాలి

వెళ్లేలోపు ఇంకో విషయం కూడా లెక్క చూశాను. వీడియోల్లో వాళ్ల గాలి మైనస్ 15 డిగ్రీలు. మన గాలి ప్లస్ 45. ఇది చిన్న తేడా కాదు.

సైకిల్ పంపు కొడుతుంటే కింద వేడెక్కుతుంది కదా. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, టర్బోలోనూ అంతే. గాలి పీడనాన్ని ఒకటిన్నర రెట్లు చేశామనుకుందాం. కిట్లు అమ్మేవాళ్ల భాషలో అది సుమారు 7 పీఎస్‌ఐ బూస్ట్. టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుని థర్మోడైనమిక్స్ ఫార్ములా వేస్తే, మైనస్ 15 దగ్గర లోపలికి పోయిన గాలి 30 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. 45 దగ్గర పోయిన గాలి 100 డిగ్రీలు దాటుతుంది! మన ఎండలో ఇంజిన్‌కి మరిగే నీళ్లంత వేడి గాలి పంపుతున్నామన్నమాట.

వేడి గాలి పలచగా ఉంటుంది. అందుకని పీడనం 50 శాతం పెంచినా నిజంగా లోపలికి పోయే గాలి 28 శాతమే పెరుగుతుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ అనే రేడియేటర్ లాంటిది పెట్టి ఆ గాలిని 60 డిగ్రీలకి దించితే పెరుగుదల 43 శాతం దాకా పోతుంది. కాబట్టి కరీంనగర్, ఆదిలాబాద్ ఎండల్లో ఇంటర్‌కూలర్ లేని కిట్ చవగ్గా వచ్చినా తీసుకోకూడదని నా షీట్‌లో రాసుకున్నాను.

పెట్రోల్ ఇంజిన్‌కి ఈ వేడి ఇంకా ప్రమాదం. పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం స్పార్క్ మంట చేరకముందే తనంతట తానే పేలుతుంది, దాన్నే నాకింగ్ అంటారు. పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టే. అందుకని స్నోమొబైల్ కిట్లలో చాలావాటిలో హెడ్ కింద మందపాటి గాస్కెట్ లాంటిది ఇస్తారు, నొక్కుడు కొంచెం తగ్గడానికి. పెట్రోల్ కూడా ఎక్కువ ఆక్టేన్‌ది వాడతారు. అదనపు గాలికి సరిపడా పెట్రోల్ వెళ్లేలా కంట్రోలర్ కూడా ఇస్తారు.

డీజిల్‌లో నాకింగ్ బాధ ఇలా ఉండదు, ఎందుకంటే నొక్కేటప్పుడు లోపల గాలి ఒక్కటే ఉంటుంది, డీజిల్ చివర్లో కొడతారు. కానీ వేరే తిరకాసు ఉంది. ఉట్టి టర్బో బిగిస్తే పెద్దగా బలం రాదు, పొగ తగ్గుతుందంతే. డీజిల్ ఎంత పోవాలో పంపులో సెట్ చేసి ఉంటుంది. ఆ సెట్టింగ్ పెంచాలి. ఎక్కువ పెంచితే వేడి పెరిగి పిస్టన్ కరుగుతుంది. టర్బోతోనే ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఇంజిన్లలో పిస్టన్లు, ఆయిల్ చల్లదనం అన్నీ దానికి తగ్గట్టు డిజైన్ చేస్తారు. మనం తర్వాత తగిలిస్తే పిస్టన్ పాతదే, పని మాత్రం కొత్తది.

ఉస్తాద్ అడిగిన ప్రశ్న

శనివారం జగిత్యాల మీదుగా నిర్మల్ చేరాను. బావ జీపుతో బస్టాండ్ దగ్గరే ఉన్నాడు. సరుకు వేసుకుని ముందు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. అరవై దాటిన ముసలాయన, అందరూ ఉస్తాద్ అంటారు. నేను ల్యాప్‌టాప్ తీసి గాలి లెక్కలన్నీ చూపించాను. ఓపిగ్గా విన్నాడు. తర్వాత ఒకటే అడిగాడు.

"బాబూ, ఈ బండి ఇంతకుముందు థర్డ్‌ల ఎక్కిందా లేదా?"

"ఎక్కింది" అన్నాడు బావ.

"అప్పుడు టర్బో ఉన్నదా?"

"లేదు."

"మరి అప్పుడున్న తాకత్ ఎటు వోయింది? ముందు అది దేవులాడాలె గదా."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. డీబగ్గింగ్ క్లాసులో మొదటి రోజు చెప్పేదే ఇది. నిన్న నడిచిన కోడ్ ఇవాళ నడవకపోతే కొత్త సర్వర్ కొనం. ఏం మారిందో చూస్తాం. మంచు కొండల మీద గాలే తక్కువ, కాబట్టి టర్బో అక్కడ పోయినదాన్ని తిరిగి ఇస్తుంది. మన ఘాట్ రోడ్డు వెయ్యి మీటర్ల ఎత్తు కూడా లేదు. ఎండ వల్ల 15 డిగ్రీల గాలితో పోలిస్తే తగ్గేది 10 శాతం లోపు, అది పదేళ్ల కిందటి ఎండలోనూ తగ్గేదే. బావ జీపుకి బయట గాలి తక్కువ కాలేదు. నేను వేరేవాళ్ల సమస్యకి దొరికిన జవాబు తెచ్చి మా బావ నెత్తిన పెట్టబోయాను.

ఉస్తాద్ ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీశాడు. లోపలి నుంచి బుస్ బుస్‌మని పొగ తన్నుకొచ్చింది. "బ్యాక్ కంప్రెషన్ కొడ్తంది. రింగులు వోయినయ్" అన్నాడు. మండిన గ్యాస్ పిస్టన్‌ని కిందకి తోయాల్సింది పోయి, అరిగిన రింగుల సందులోంచి ఆయిల్ ఉండే చోటికి జారిపోతోంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆయిల్ సంగతికి వద్దాం. టర్బో ఇరుసుకి ఆయిల్ పైనుంచి ఒత్తిడితో వస్తుంది, కిందికి మాత్రం తన బరువుకి తానే జారి ఇంజిన్ అడుగుకి పోవాలి. ఇంజిన్ లోపల ఇలా పొగ ఒత్తిడి నిండి ఉంటే ఆ ఆయిల్ దిగదు. దారి లేక టర్బో సీళ్ల గుండా గాలి గొట్టంలోకి కారుతుంది. అక్కడి నుంచి సిలిండర్‌లోకి పోతుంది. డీజిల్ ఇంజిన్‌కి ఆయిల్ కూడా ఇంధనమే! అప్పుడు తాళం ఆపినా, డీజిల్ ఆపినా ఇంజిన్ ఆగదు, తన ఆయిల్ తానే తాగుతూ పిచ్చెక్కినట్టు రేస్ అవుతుంది. దీన్ని రన్-అవే అంటారు. గాలి మూసేస్తేనో, ఇంజిన్ పగిలితేనో తప్ప ఆగదు.

ఘాట్ మలుపులో, వెనక బియ్యం బస్తాలతో, పక్క సీట్లో మా అక్కతో అలా అయితే? నేను ఆ లింక్ పంపిన మెసేజ్ ఇంకా ఫోన్‌లో అలాగే ఉంది. ఉస్తాద్ ముందే దాన్ని డిలీట్ చేశాను. బావ చూసి నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

ఫోన్‌లో ఆర్‌పీఎం

ఆ రోజు ఇచ్చోడ వెళ్లేటప్పుడు ఒక ప్రయోగం చేశాను, ఇది మాత్రం మన బ్రాంచి పనే. జీపులో ఆర్‌పీఎం మీటర్ లేదు. ఘాట్ ఎక్కుతుంటే ఫోన్‌లో ఇంజిన్ శబ్దం రికార్డ్ చేశాను. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఒక చుట్టుకి రెండుసార్లు మండుతుంది. రికార్డింగ్ మీద ఎఫ్‌ఎఫ్‌టీ వేస్తే 60 హెర్ట్జ్ దగ్గర పెద్ద శిఖరం కనిపించింది. సెకనుకి 60 మంటలు అంటే 30 చుట్లు, నిమిషానికి 1,800. నేను 3,000 అనుకుని వేసిన లెక్క ఎంత తప్పో అప్పుడు తెలిసింది. 1,800 దగ్గర ఈ ఇంజిన్ తాగే గాలి 1,930 లీటర్లే. స్నోమొబైల్ తాగేదాంట్లో సగం కూడా లేదు. నేను పంపిన టర్బో ఆ గాలికి లేచేదే కాదు.

చట్టం ఏమంటుంది

ఇంకో సంగతి బావకి గానీ నాకు గానీ తెలియదు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో చేర్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. టర్బో పెట్టి బలం పెంచాలనుకుంటే ముందు ఆర్‌టీఓ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. బండికి యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ వాళ్లు అడిగినప్పుడు తెలుసుకుంటే లాభం లేదు. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

చివరికి ఏం చేశాం

టర్బో కొనలేదు. ఉస్తాద్ ముందు కంప్రెషన్ గేజ్ పెట్టి చూశాడు. మూడు సిలిండర్లు దాదాపు సమానం, నాలుగోది బాగా కింద ఉంది. హెడ్ దించితే అందులో ఒక రింగు విరిగి ఉంది. రింగులన్నీ మార్చాడు. నాజిళ్లు విప్పి చూస్తే రెండు తుంపరగా కొట్టాల్సింది చుక్కలుగా కారుస్తున్నాయి. వాటిని, పంపుని కాలిబ్రేషన్‌కి పంపాడు. ఎయిర్ ఫిల్టర్ ఆయిల్ గిన్నె అడుగున దుమ్ము బురదలా పేరుకుంది, అది కడిగాడు. మొత్తం ఖర్చు కిట్ ధరలో సగం దాటలేదు. మిగిలిన చిట్టీ డబ్బులతో పాప స్కూల్ ఫీజు కట్టేశామని అక్క చెప్పింది.

జూన్‌లో మళ్లీ వెళ్లాను. అదే ఘాట్, అదే మలుపు, అదే సెకండ్ గేర్, దాదాపు అంతే లోడు. ఫోన్‌లో రికార్డ్ చేసి చూస్తే శిఖరం 76 హెర్ట్జ్ దగ్గర వచ్చింది. అంటే 2,280 ఆర్‌పీఎం. అదే గేరు కాబట్టి వేగం కూడా అంతే నిష్పత్తిలో, పావు వంతుకి పైగా పెరిగింది. లోడు సగం ఉన్నప్పుడు థర్డ్‌లో కూడా ఎక్కుతోంది. పూర్తి లోడుతో థర్డ్‌లో ఎక్కట్లేదు, పాత బండి కదా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు జీపుకో, ట్రాక్టర్‌కో టర్బో గురించి మిమ్మల్ని అడగొచ్చు. బ్రాంచి ఏదైనా అడుగుతారు, ఆ విషయంలో డౌట్ లేదు. అప్పుడు ఈ వరుసలో పోండి.

1. బండి ఇంతకుముందు ఆ పని చేసిందా అని అడగండి. చేసి ఉంటే ముందు రిపేర్ చూడండి.
2. కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఒక్క సిలిండర్ తేడాగా ఉన్నా టర్బో మాట ఎత్తొద్దు.
3. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే, బలం కావాల్సిన చోట ఆర్‌పీఎం ఎంతో కొలవండి. ఆ ఆర్‌పీఎంలో గాలి లెక్క వేయండి. టర్బో కంపెనీలు ఇచ్చే కంప్రెసర్ మ్యాప్‌లో ఆ గాలి మధ్య భాగంలో పడాలి. మన పల్లె బండ్లకి చాలావరకు చిన్న టర్బోనే సరిపోతుంది.
4. బూస్ట్ తక్కువతో మొదలుపెట్టండి. ఇంటర్‌కూలర్ తప్పనిసరి. పొగ వేడి చూపించే మీటర్ కూడా పెట్టించండి, డీజిల్ సెట్టింగ్ దాన్ని చూసే పెంచాలి.
5. కిట్‌లో టర్బో ఒక్కటే చూడకండి. మ్యానిఫోల్డ్, ఆయిల్ వచ్చే పైపు, ఆయిల్ దిగే పైపు, గాస్కెట్లు ఉన్నాయో లేదో చూడండి. దిగే పైపు లావుగా, ఎక్కడా పైకి వంపు లేకుండా ఉండాలి.
6. పని మొదలుపెట్టకముందే ఆర్‌టీఓ అనుమతి.
7. పెట్టాక, ఘాట్ ఎక్కి రాగానే బండి టక్కున ఆపొద్దు. ఒకటి రెండు నిమిషాలు అలాగే నడవనిస్తే టర్బో చల్లబడుతుంది, లేకపోతే లోపలి ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

మొన్న బావ మళ్లీ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, పొలం కాడ బోరు మోటర్ కాలిపోయింది. ఏ కంపెనీది కొనాల్నో జర చూసి చెప్పు" అన్నాడు. ఈసారి షీట్ ఓపెన్ చేయలేదు.

"బావా, ముందు అది ఎందుకు కాలిందో చెప్పు" అన్నాను.